గోడ మీద నూనె గీత

నా చిన్నప్పుడు భయం వేస్తే నాకు ఏడుపు వచ్చేది కాదు, కోపం వచ్చేది. కుక్క మొరిగితే రాయి తీసేదాన్ని. డాక్టరు సూది బయటికి తీస్తే ఆయన చెయ్యి కొరికేదాన్ని. మా అమ్మ ఎదురింటివాళ్ళతో, ‘దీనికి భయమన్నదే తెలీదమ్మా, మగరాయుడు’ అని గొప్పగా చెప్పుకునేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పొంగిపోయేది. అది అబద్ధమని మాత్రం నాకు తెలుసు. రాయి తీసిన చెయ్యి ఎంత వణికేదో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ ఏడు దసరా సెలవులకి నన్ను మా పిన్ని వాళ్ళ ఊరు పంపేశారు. అమ్మకి నెలలు నిండాయి, ఇంట్లో నన్ను కాసే ఓపిక ఎవరికీ లేదు. నేనేమో గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని. కుళాయి తిప్పితే నీళ్ళు, మీట నొక్కితే దీపం, వీధి మొదట్లో గోలీసోడా బండి. ఇవి లేని చోట మనుషులెలా బతుకుతారో నాకు అర్థమయ్యేది కాదు. పిన్ని వాళ్ళ ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, రోడ్డు నుంచి లోపలికి ఉంటుంది. ఇటు పత్తి, అటు మిరప, మధ్యలో నల్లరేగడి బురద. బస్సు దిగి నడుస్తుంటే నా చెప్పు ఒకటి ఆ బురదలో దిగబడి మళ్ళీ పైకి రాలేదు. ఆ కోపంలో రెండో చెప్పు తీసి పత్తి చేలోకి విసిరేశాను. నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన బాబాయి చేలోకి దిగి, దాన్ని వెతికి తెచ్చి, తుడిచి, చంకలో పెట్టుకుని నడిచాడు. ఒక్క చెప్పుతో ఏం చేస్తాడని అప్పుడు నవ్వుకున్నాను. సాయంత్రానికి బురదలోది కూడా గునపంతో తవ్వి తెచ్చి ఇచ్చాడు.

మా బాబాయికి కట్టెల అడితి ఉండేది. ఆ చుట్టుపక్కల పొగాకు వేసే రైతులందరికీ, ఆకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్ల కోసం బండ్ల కొద్దీ కట్టె కావాలి. ఆ కట్టె కొట్టి, చీల్చి, పేర్చి ఉంచేది బాబాయే. అందరి అడితుల్లోనూ గొడ్డళ్ళూ, ఇద్దరు చెరో వైపు కూర్చుని లాగే పెద్ద రంపాలూ ఉండేవి. బాబాయి దగ్గర మాత్రం పెట్రోలుతో నడిచే మర రంపం ఉండేది. మాచర్ల అవతల ప్రాజెక్టు కడుతున్న చోట అడవి కొట్టడానికి పై దేశం నుంచి తెప్పించినదట. పాతబడి, వేలానికి వచ్చి, ఇద్దరు ముగ్గురి చేతులు మారి బాబాయి దగ్గరికి చేరింది. ఆ ఊళ్ళో అలాంటిది చూసినవాళ్ళెవరూ లేరు. దూడ తలకాయంత ఇంజను, దానికి ముందు పొడుగాటి ఇనప పట్టీ, ఆ పట్టీ అంచు చుట్టూ పళ్ళున్న గొలుసు. తాడు పట్టి గుంజితే ఆ గొలుసు పట్టీ చుట్టూ కంటికి కనపడనంత వేగంగా తిరిగేది.

మొదటి రోజు పొద్దున అది మొదలైనప్పుడు నేను వసారాలో ఇడ్లీ తింటున్నాను. ఒక్కసారిగా ఆ చప్పుడు ఇంటి మీద పడింది. నేను కంచం ఎక్కడ పడేశానో తెలియదు. వెళ్ళి లోపలి గదిలో పత్తి కూరిన గోనె బోరేల వెనక దూరాను. చెవులు మూసుకున్నా అది పళ్ళలో వినపడుతోంది. ఆగినప్పుడు ఇంకా భయం వేసింది. ఎందుకు ఆగిందో తెలియదు కదా. కాసేపటికి బయటికొచ్చి, ఎవరూ చూడట్లేదనుకుని, ఆగి ఉన్న ఆ రంపాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాను. వెనకాల పిన్ని పకపకా నవ్వింది.

“తన్నవే తల్లీ, ఇంకోటి తన్ను. నా తరఫున కూడా తన్ను. నా సవతి అది.”

వాళ్ళకి అప్పటికింకా పిల్లల్లేరు. పిన్ని ఆ రంపాన్ని సవతి అనే పిలిచేది. ఆ ఇంట్లో దానికి జరిగే సేవ చూస్తే ఆ పేరు తప్పు కాదనిపించేది. సాయంత్రం పని ఆపగానే బాబాయి వసారా చివర గోనె పరిచి దాన్ని దాని మీద పెట్టేవాడు. ఇక ఎవరు పిలిచినా లేచేవాడు కాదు. గొలుసు విప్పి కిరసనాయిలు గిన్నెలో నానబెట్టేవాడు. ఇంజను గాలి పీల్చే చోట ఉండే జల్లెడ బిళ్ళని తీసి, తట్టి, కడిగి, ఆరబెట్టేవాడు. ఆ నల్లరేగడి దుమ్ము పౌడరులాగా ఉండేది, ఎక్కడికైనా దూరిపోయేది. పట్టీ అంచున ఉన్న సన్నటి గాడిలో రంపపు పొట్టూ నూనే కలిసి బంకలాగా పట్టేది. దాన్ని ఇనప తీగతో మొదటి నుంచి చివరిదాకా గీకేవాడు. పట్టీ మొదట్లో, ఇంజనుకి బిగించే చోట, ఆవగింజ పట్టేంత రంధ్రాలు పైనొకటి, కిందొకటి ఉండేవి. నూనె గొలుసుకి చేరే దారి అదే. ఆ రంధ్రాల్ని అదే తీగతో పొడిచి, నోటితో ఊది, దీపానికి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ తర్వాత గొలుసు పన్ను ప్రతి ఒక్కదాన్నీ గుండ్రటి ఆకురాయితో రుద్దేవాడు. ఒక పన్నుకి ఎంత రుద్దాడో ఇంకోదానికీ అంతే. పనైపోయాక తీగని పక్కనే ఉన్న వంటపాక చూరులో గుచ్చేవాడు. అప్పుడు గానీ కాళ్ళు కడుక్కునేవాడు కాదు.

“సవతికి స్నానం అయిందా? పౌడరు రాశారా? ఇక ఈ ముసలి పెళ్ళానికి దయ కలిగితే అన్నం తిందురు గాని రండి” అని పిన్ని వంటపాకలోంచి కేకేసేది. బాబాయి పలికేవాడు కాదు. ఆమె అరిచి అరిచి ఊరుకునేది. కూర మళ్ళీ వెచ్చబెట్టేది.

పొద్దున్న ఇంకో తంతు. రంపం బిగించి, మొదలుపెట్టి, చెట్టు దగ్గరికి వెళ్ళకముందు ఇంటి గోడ దగ్గరికి వెళ్ళేవాడు. పట్టీ కొసని ఆ సున్నం గోడకి ఎదురుగా, జానెడు దూరంలో పెట్టి, బొటనవేలితో నూనె మీట నొక్కేవాడు. తిరిగే గొలుసు మీంచి నూనె చింది గోడ మీద సన్నటి నల్ల చుక్కల గీత పడేది. ఆ గీత చూశాకే పనిలోకి దిగేవాడు. అలా ఆ గోడంతా గీతలే. ఏటా దసరాకి పిన్ని సున్నం కొట్టించేది, పండగ వెళ్ళగానే మళ్ళీ గీతలు మొదలయ్యేవి.

ఒక సాయంత్రం నేను స్తంభం చాటున నిలబడి చూస్తుంటే, తల ఎత్తకుండానే బాబాయి అడిగాడు.

“ఏమ్మా, దగ్గరికి రావేం? భయమా?”

“నాకేం భయం లేదు” అన్నాను, గట్టిగా.

“అట్టాగా. అయితే రామాక. భయం లేనోళ్ళని దీని దగ్గరికి రానియ్యను నేను.”

స్తంభం వదిలి ముందుకొచ్చి, భయమేనని ఒప్పుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట పైకి అన్నాను. బాబాయి గోనె మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

“నాకూ భయమే. రోజూ భయమే. ఈ గొలుసు ఎండిపోయి తిరిగిందనుకో, కాలి ఎర్రబడుద్ది. మానులోనే పట్టేసుద్ది, లేదంటే తెగి మన మీదకే వచ్చుద్ది. అది తలుచుకుంటే కూడు తినబుద్దెయ్యదు. ఊరికే కూర్చోబెడితే భయం మనిషిని తినేసుద్ది పిల్లా. దానికేదో ఒక పని చెప్పాల. ఇదిగో, ఈ పని చెప్తా నేను.”

అప్పుడు అది నాకు సగమే అర్థమైంది. రోజూ చేసే పని కదా, కబుర్లు చెప్తున్నాడనుకున్నాను.

ఆయుధపూజ వచ్చింది. బాబాయి ముందురోజే రంపాన్ని పూర్తిగా విప్పి, కడిగి, భాగాలుగా పిన్నికి అప్పగించాడు. బండి, నాగలి, గొడ్డళ్ళు, కొడవళ్ళు, కత్తిపీట అన్నిటికీ పసుపూ బొట్టూ పెట్టి, చివరికి రంపం దగ్గరికి వచ్చింది పిన్ని. ఇంజనుని పీట మీద కూర్చోబెట్టి బంతిపూల దండ వేసింది. పట్టీని కొస కిందికీ, మొదలు పైకీ పెట్టి గోడకి ఆనించింది. అలా నిలబెడితే అది నిజంగానే మనిషి ఆకారంలో ఉంది. పసుపు ముద్ద కలిపి దాని ఒంటి నిండా రాసింది. ఆ పైన తడి పసుపుని ఉండలా చేసి, నుదురు ఉండాల్సిన చోట ఒత్తి ఒత్తి పెట్టి, దాని మీద కుంకుమ అద్దింది. ఈ అంచున ఒకటి, ఆ అంచున ఒకటి. ఆ చోట్లు గుర్తు పట్టడానికి వీలుగా చిన్న గుంటలున్నాయి మరి. నేను పక్కనే కుంకుమ భరిణ పట్టుకుని ఉన్నాను. ఆ గుంటలు నూనె రంధ్రాలని ఆమెకి తెలియదు, నాకు ఆ క్షణంలో తట్టలేదు.

“చూడవే, సవతికి ఎంత బాగా బొట్టు పెట్టానో. ఇట్టా ఏ ఆడదీ పెట్టదు” అని నవ్వింది. తర్వాత కళ్ళు మూసుకుంది. నవ్వు పోయింది. పెదాలు కదులుతున్నాయి. పక్కనే ఉన్నాను గనక వినపడింది.

“పసుపు పెట్టా, పూలు పెట్టా, ఏం కావాలన్నా పెడతా. పొద్దున తీసుకెళ్ళిన మనిషిని సాయంత్రానికి నాకు ఇచ్చెయ్యి తల్లీ. వేలు కూడా తగ్గకుండా ఇచ్చెయ్యి.”

రోజంతా సవతి అని ఎగతాళి చేసే మనిషి గొంతులో ఆ వణుకు వినేసరికి భరిణని రెండు చేతులతో పట్టుకున్నాను. అడితిలో చప్పుడు ఆగినప్పుడల్లా పిన్ని చేతిలో గరిటె ఎందుకు ఆగిపోతుందో అప్పుడు అర్థమైంది.

మర్నాడు మబ్బు పట్టింది. సాయంత్రం బాబాయి రంపాన్ని బిగిస్తుంటే పిన్ని పక్కనే కాపలా కూర్చుంది. పూజ చేసిన ఆయుధం మీద బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటది రాలాలి. ‘గొలుసు తుడుచుకోండి, గాడి తుడుచుకోండి, బొట్టు జోలికి మాత్రం రావద్దు’ అంది. ఆ పసుపు అప్పటికే ఎండి రాయిలా అయింది. బాబాయి ఆ బొట్టుకేసి ఒకసారి, ఆమె మొహంకేసి ఒకసారి చూసి, నవ్వి, ఎలాగూ పనిలోకి దిగేముందు గోడ దగ్గర చూసుకుంటాగా అన్నట్టు, బొట్టుతోనే బిగించేశాడు.

ఆ రాత్రి గాలివాన. తెల్లారేసరికి గాలి తగ్గింది గానీ వాన జల్లు పడుతూనే ఉంది. పొయ్యి వెలిగిద్దామని పిన్ని వంటపాకలోకి వెళ్ళింది. ఆ పాక వెనకాల అడితి హద్దులో పెద్ద నిద్రగన్నేరు చెట్టుండేది. రాత్రంతా నానిన రేగడి దాని వేళ్ళని వదిలేసింది. గాలి లేదు, చప్పుడు లేదు, చెట్టు ఊరికే, అలసిపోయిన మనిషిలాగా ఒరిగింది. నేను వసారాలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. నా కళ్ళ ముందే పాక కప్పు కిందికి కూర్చుండిపోయింది.

ఆ తర్వాత వినపడింది పిన్ని గొంతు. “ఏవండీ... ఏవండీ...” అని.

బాబాయి పరుగెత్తాడు. పక్కింటి పెద్దాయన, ఆయన కొడుకులూ గోడ దూకి వచ్చారు. కప్పు గడ్డి పీకి చూస్తే, దూలం ఒక వైపు విరిగి ఏటవాలుగా నిలబడి ఉంది. దాని కింద పిన్ని. దూలం మీద చెట్టు మాను. మాను బరువుకి దూలం కిర్రుమంటోంది. పిన్ని మొహం కనపడుతోంది, కాళ్ళు కనపడటం లేదు.

“నాకేం కాలేదండీ. పొయ్యింకా వెలిగించలా. కాలే, ఒక కాలు ఎక్కడుందో తెలీటం లా” అంది. మా పిన్ని అప్పుడు కూడా వేళాకోళంగా మాట్లాడటానికే చూసింది. గొంతు మాత్రం మాట వినలేదు.

“ఎడ్లు కడదాం రా! మోకు వేసి ఒక్క లాగు లాగితే మాను అవతల పడుద్ది” అన్నాడు పెద్దాయన.

“పడదు మావా. దొర్లుద్ది. దాని మీదే దొర్లుద్ది” అన్నాడు బాబాయి.

చేతి రంపం అన్నారు. ఇద్దరూ కూర్చుని లాగే ప్రతి లాగుకీ మాను ఊగుతుంది, దూలం ఇంకాస్త దిగుతుంది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. అడితిలోంచి దుంగలు తెప్పించి, మాను కింద ఎక్కడ చోటు దొరికితే అక్కడ దోపించాడు. అవి బరువు కొంతే ఆపగలవు. తలభాగం కొమ్మలతో సహా కోసి విడగొడితే, మిగిలిన ముక్కని గునపాలతో లేపొచ్చు. అది మర రంపం పని. బాబాయి వసారాలోంచి రంపం తెచ్చి తాడు గుంజాడు. ఒక్క గుంజుకే అందుకుంది. అప్పటికి పదిమంది గుమిగూడారు, ‘హమ్మయ్య’ అన్నారు. నేను స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను. ఆ చప్పుడంటే నాకు మొదటిసారి భయం వెయ్యలేదు. అది నా పిన్నిని తీసుకొస్తుంది.

బాబాయి చెట్టు వైపు నడవలేదు. గిరుక్కున తిరిగి ఇంటి గోడ దగ్గరికి వెళ్ళాడు.

“ఒరేయ్! అటెక్కడికి రా! గోడని కోస్తావేంట్రా, మతి పోయిందా!” అని పెద్దాయన గొంతు చించుకున్నాడు.

చూరు కింద పొడిగా ఉన్న గోడకి, పండక్కి కొత్తగా సున్నం కొట్టిన గోడకి, పట్టీ కొస ఎదురుగా పెట్టి బాబాయి మీట నొక్కాడు. గోడ తెల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాడు. బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కాడు. ఒక్క చుక్క లేదు.

అప్పుడు రంపం ఆపేశాడు. ఆపేసి అక్కడే, ఆ జల్లులో, నేల మీద కూర్చుని మరలు విప్పటం మొదలుపెట్టాడు.

అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. పెద్దాయన కొడుకు వచ్చి రంపం లాక్కోబోయాడు. బాబాయి భుజంతో నెట్టేశాడు. నేను పరుగెత్తుకెళ్ళి బాబాయి వీపు మీద రెండు చేతులతో కొట్టాను. “కొయ్యి బాబాయ్! నూనె తర్వాత చూసుకో! కొయ్యవేం!” అని అరిచాను. కొడుతూనే ఉన్నాను. అప్పుడు ఆయన చేతులు చూశాను.

వణుకుతున్నాయి. మామూలు వణుకు కాదు, చలిజ్వరం వచ్చినవాడి చేతుల్లాగా. మర పట్టుకోబోతే వేళ్ళు జారుతున్నాయి. అయినా ఆ వేళ్ళకి తర్వాతేం చెయ్యాలో తెలుసు. రోజూ సాయంత్రం గోనె మీద చేసిన వరసలోనే చేస్తున్నాయి. మూత తీశాయి. గొలుసు వదులు చేశాయి. పట్టీ ఊడదీశాయి. తీసిన మరలు బురదలో పడకుండా పంచె కుచ్చెళ్ళలో వేసుకున్నాయి. మనిషి గడగడలాడిపోతున్నాడు, చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి.

అప్పటిదాకా పాకలోంచి పిలుస్తున్న పిన్ని గొంతు ఆగిపోయింది.

అందరం అది గమనించాం. అరుపులు మాని పాక వైపు తిరిగాం. బాబాయి తల ఎత్తలేదు. పట్టీని వెలుగుకి ఎదురుగా పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. రంధ్రం లేదు. రంధ్రం ఉండాల్సిన చోట ఎర్రటి బొట్టు ఉంది. చెయ్యి తీగ కోసం పైకి లేచింది. తీగ గుచ్చే చూరు ఇప్పుడు పిన్ని మీద ఉంది. ఆ చెయ్యి గాల్లోంచి తిన్నగా నా తల మీదకొచ్చి, నా పక్కపిన్ను లాగింది. దాన్ని పళ్ళతో సాగదీసి బొట్టు నడిమధ్య గుచ్చి తిప్పాడు. పసుపు పెచ్చు లేచింది. పిన్నుని ఇంకా లోపలికి దింపాడు, తిప్పాడు, ఊదాడు. ఆవగింజంత పసుపు ముక్క బయటపడి ఆయన అరచేతిలో పడింది.

ఆయన దాన్ని చూశాడు. నేనూ చూశాను. ఆయన నా మొహంలోకి చూసి, ఆ ముక్కని పంచెకి తుడిచేసి, మళ్ళీ బిగించటం మొదలుపెట్టాడు. గొలుసుని వేలితో పైకి లాగి వదిలాడు, టప్పున వెనక్కి కూర్చుంది. తాడు గుంజాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. మీట నొక్కాడు.

సున్నం మీద నల్లగా, సన్నగా, తిన్నగా గీత పడింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. ఆయన కోస్తుంటే పచ్చి రంపపు పొట్టు వానతో కలిసి కురిసింది. గొలుసు ఎక్కడా పట్టెయ్యలేదు, ఆగలేదు. తలభాగం తెగి దుంగల మీద కూర్చుంది. అందరూ గునపాలేసి మిగిలిన మానుని లేపి పట్టుకున్నారు. బాబాయి రంపం పక్కన పెట్టి, పాములాగా లోపలికి పాకి, పిన్నిని చంకల కింద పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళంతా గడ్డి, మసి. ఆమెని వసారాలో పడుకోబెట్టాక బాబాయి గోడకి ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

“గొంతు ఆగిపోయేసరికి అయిపోయావనుకున్నా కదే!” అంది పక్కింటి పెద్దమ్మ, పిన్ని మొహం తుడుస్తూ.

“రంపం చప్పుడు ఆగింది కదక్కా. విప్పుకుని కూర్చున్నాడని తెలిసిపోయింది. ఆయన అట్టా కూర్చున్నాక నేను ఎంత అరిచినా ఏనాడు లేచాడు గనక? ఎందుకులే, గొంతు నొప్పి అని ఊరుకున్నా” అంది పిన్ని. నవ్వబోయి, నొప్పికి మూలిగింది. కాసేపాగి, నాకు మాత్రమే వినపడేలా అంది. “విప్పాడంటే బాగు చేస్తాడే. గొలుసు తెగ్గొట్టుకోడు. అదొక్కటే నమ్మకం నాకు.”

లోపల ఏం ఇరుక్కుందిరా అని పెద్దాయన అడిగితే, ‘పొట్టు మావా, రంపపు పొట్టు’ అన్నాడు బాబాయి. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. చూడక్కర్లేదు. ఆ రోజు నాకు నోరు మూసుకోవడం వచ్చింది. అది నాకు కొత్తే.

పిన్ని కాలు కట్టుతో అతుక్కుంది గానీ, నడిచేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడ్చేది. చెట్టు పడ్డ రోజు సాయంత్రం, ఇంటి నిండా జనం ఉండగానే, బాబాయి వసారా చివర గోనె పరిచాడు. ఆ రోజు కూడా. నేను అడక్కుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాను. గొలుసు కిరసనాయిల్లో వేశాక నా పిన్నుని కూడా అందులో ముంచి, వంకర తీసి, తుడిచి, నా తలలో తనే పెట్టాడు. ఆ వాసన తలంటినా పోలేదు. నేను పోనివ్వలేదేమో కూడా.

మళ్ళీ ఏడు దసరాకి, పాలు తాగే తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మతో కలిసి వెళ్ళాను. పిన్ని కుంటుతూనే పసుపు కలుపుతోంది. పట్టీ గోడకి ఆనించి ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. పసుపు లోపలికి దూరకుండా రెండు రంధ్రాల్లోనూ సన్నగా చెక్కిన అగ్గిపుల్లలు బిగించి, అంచుకి సమంగా విరిచి ఉన్నాయి. చూసేవాళ్ళకి అక్కడ రంధ్రమున్నట్టే తెలియదు. పిన్ని కిందటేడు లాగే ఒత్తి ఒత్తి బొట్టు పెట్టింది, కళ్ళు మూసుకుంది, అదే కోరిక కోరుకుంది. బాబాయి గుమ్మంలో నిలబడి, ఆమె అయ్యేదాకా కదలకుండా చూశాడు. ఆయన భయం రంధ్రాన్ని తెరిచి ఉంచమంటుంది, ఆమె భయం దాని మీద బొట్టు పెట్టమంటుంది. అగ్గిపుల్లలతో ఆ రెండిటికీ చోటు చేశాడాయన.

పిన్నికి ఎవరైనా చెప్పారో లేదో చాలా ఏళ్ళ దాకా నాకు తెలియదు. బాబాయి పోయాక ఒకసారి వెళ్ళినప్పుడు తనే చెప్పింది. “మీ బాబాయి నన్ను ఎర్రిదాన్ననుకున్నాడే. బొట్టు పెట్టే వేలికి అగ్గిపుల్ల తగలదా? మొదటేడే తగిలింది. ఓహో, ఇదా సంగతి అనుకున్నా. ఆ రోజు రాత్రి ఆ మనిషి నిద్రపోతుంటే ఎంతసేపు చూశానో.” అంతే చెప్పింది. అడితి ఉన్న చోట ఇప్పుడు ఏదో గోడౌను ఉంది. ఆ గోడ కూడా లేదు.

భయం వేస్తే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. ఆసుపత్రిలో మా ఆయన మంచం పక్కన నిలబడ్డప్పుడు వచ్చింది. మొన్న మనవరాలి బండికి లారీ తగిలిందని ఫోను వచ్చినప్పుడూ వచ్చింది. ఎవరి మీదో ఒకరి మీద అరవడానికి నోరు తెరుస్తాను. ఆ లోపు చెయ్యి తనంతట తనే తలలోకి వెళ్ళి పిన్ను కోసం వెతుకుతుంది. పిన్ను నిలిచేంత జుట్టు ఇప్పుడు లేదు, అయినా పెట్టుకుంటాను. వేళ్ళకి అది తగిలే లోపు నోరు మూతపడుతుంది. చేతులు వణుకుతూనే ఉంటాయి. వణకనీ. ముందు ఏ మర విప్పాలో చూసుకుంటాను.